భద్రాచలం రోడ్డులో దిగితే భద్రాచలం రాదు

మా జిల్లా సంగతి తెలియనివాళ్ళు ఒక పొరపాటు చేస్తూ ఉంటారు. రాములవారి దర్శనానికని రైలెక్కుతారు. టిక్కెట్టు మీద 'భద్రాచలం రోడ్' అని ఉంటుంది. ఆ స్టేషన్లో దిగి, "గుడి ఎటువైపండీ?" అని అడుగుతారు. ఆ స్టేషను ఉన్నది కొత్తగూడెంలో. గుడి అక్కడికి దాదాపు నలభై కిలోమీటర్లు. పాల్వంచ దాటి, అడవి వెంబడి రోడ్డు పట్టుకుని, సారపాక దగ్గర గోదావరి వంతెన ఎక్కితేగానీ భద్రాచలం రాదు. బోర్డు అబద్ధం చెప్పలేదు. భద్రాచలం పోయే రోడ్డు అని మాత్రమే చెప్పింది. చదివినవాళ్ళే 'రోడ్' అన్న మాట వదిలేశారు.

అమెరికా విజిటర్ వీసా కూడా సరిగ్గా ఇలాంటి బోర్డే. పాస్‌పోర్టులో అంటించిన కాగితం మీద పదేళ్ళ తేదీ ఉంటుంది. అది చూసి "మాకు పదేళ్ళ వీసా వచ్చింది" అని చుట్టాలందరికీ చెప్పుకుంటాం. ఆ పదేళ్ళూ ఆ దేశం గుమ్మం దాకా వెళ్ళి తలుపు తట్టడానికి. లోపల ఎన్నాళ్ళు ఉండొచ్చన్నది తలుపు తీసినాయన చెప్తాడు. మామూలుగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది. ఒకప్పుడు తెల్లటి చీటీ ఒకటి పాస్‌పోర్టుకి పిన్ను కొట్టి ఇచ్చేవాళ్ళు, కనీసం అది కంటికి కనబడేది. 2013 నుంచి విమానంలో వెళ్ళేవాళ్ళకి ఆ చీటీ కూడా లేదు. అంతా కంప్యూటర్లోనే.

ఇదంతా ఇప్పుడెందుకంటే, మా బాబాయి, పిన్ని పదకొండు రోజుల తేడాతో ఆ పదేళ్ళ వీసా పోగొట్టుకున్నారు. వాళ్ళు మోసం చెయ్యలేదు. అక్కడ దొంగతనంగా పని చెయ్యలేదు. చేసిందల్లా 'తెలిసినాయన'ని నమ్మడం.

బాబాయి సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. కొత్తగూడెం, పాల్వంచల మధ్య అడవి అంచున మా ఊరు. మా చెల్లెలు (బాబాయి కూతురు) అమెరికాలో నాలాగే సాఫ్ట్‌వేరు. 2024లో శ్రీరామనవమి అయిన వారానికి వీళ్ళిద్దరూ కూతురి పురిటికి బయల్దేరి వెళ్ళారు. ఐ-94 తేదీ అక్టోబరు 23. ఆగస్టులో పాప పుట్టింది. ఆపరేషన్ అయింది. చెల్లెలు జనవరిలో మళ్ళీ ఉద్యోగంలో చేరాలి. ఇంకో రెండు మూడు నెలలు అమ్మ ఉంటే బాగుండునని ఎవరికి మాత్రం ఉండదు?

దీనికి దారి ఉంది. చట్టబద్ధమైన దారే. ఐ-539 అని ఒక ఫారం. ఐ-94 తేదీ దాటకముందే వెయ్యాలి. కనీసం నలభై అయిదు రోజుల ముందు వెయ్యమని వాళ్ళే సలహా ఇస్తారు. 2024 ఏప్రిల్లో నిర్ణయించిన ఫీజు ప్రకారం ఆన్‌లైన్‌లో అయితే 420 డాలర్లు, కాగితం మీద అయితే 470. భార్యాభర్తలిద్దరూ ఒకే దరఖాస్తులో ఉండొచ్చు. ఎందుకు ఉండాలనుకుంటున్నారు, ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, తిరిగి వెళ్తారనడానికి ఆధారం ఏమిటి, ఇవీ అడిగేవి. వేళకి వేస్తే, వాళ్ళు జవాబు చెప్పేదాకా మామూలుగా అక్కడే ఉండి ఎదురుచూడొచ్చు.

మా చెల్లెలు రోజూ వేల లైన్ల కోడు చదివే మనిషి. ఈ ఫారం నింపలేదా? నింపగలదు. కానీ నెలన్నర పసిపిల్ల, నిద్ర లేని రాత్రులు, ఎక్కడ తప్పు రాస్తే ఏమవుతుందోనన్న భయం. ఆ సమయంలో గుళ్ళో ఒకాయన పరిచయమయ్యాడు. తెలుగాయన. మన వైపు నుంచే వచ్చానన్నాడు. "ఇలాంటివి ఎన్ని చేశానమ్మా, నువ్వు బిడ్డని చూసుకో, నేను చూసుకుంటా" అన్నాడు. ఫీజుతో కలిపి 1,200 డాలర్లు, నగదుగా. వారం తర్వాత వాట్సాప్‌లో ఒక రసీదు ఫొటో పంపాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

దీపావళికి నేను ఫోన్ చేశాను. మాటల్లో బాబాయి "ఎక్స్‌టెన్షన్ అయిపోయిందిరా, జనవరి దాకా ఉంటాం" అన్నాడు. ఇంకా జవాబు వచ్చి ఉండదు కదా, 'అయిపోయింది' ఏమిటని నాకు ఒక అనుమానం. ఆ రసీదు పంపించమన్నాను. రెండు రోజులకి పంపించారు. మన వృత్తి జబ్బు ఒకటుంటుంది కదా, ఏ నంబరు కనబడినా అక్షరాలు లెక్కపెట్టడం. ఆ రసీదు నంబర్లకి మూడు అక్షరాలు, పది అంకెలు ఉంటాయి. మొత్తం పదమూడు. దీంట్లో అంకెలు తొమ్మిదే ఉన్నాయి. సరే, ఫొటోలో ఒకటి చెరిగిందేమో అనుకుని వాళ్ళ సైట్లో కేసు స్టేటస్ పేజీలో కొట్టి చూశాను. అలాంటి నంబరే లేదు.

అప్పటికి తారీఖు నవంబరు 3. గడువు దాటి పదకొండు రోజులు.

ఆ తెలిసినాయన మొదట "సర్వర్ ప్రాబ్లం" అన్నాడు (సర్వర్ ప్రాబ్లం అని ఇంకొకరికి చెప్పే ఉద్యోగం నాది, నాకే చెప్పాడు). తర్వాత "ఏం కాదండీ, వెళ్ళేటప్పుడు ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరు" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. లాయరుని అడిగితే, అసాధారణ పరిస్థితి అని వివరిస్తూ ఆలస్యంగా వెయ్యడానికి ఒక వీలుంది, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం వాళ్ళ దయ, ఒప్పుకోకపోతే ఎదురుచూసిన రోజులన్నీ నెత్తిన పడతాయి అన్నాడు. బాబాయి ఒక్క మాట కూడా మాట్లాడకుండా పెట్టె సర్దమన్నాడు. ఆ వారంలోనే వచ్చేశారు.

ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరన్న మాట మాత్రం నిజమే అయింది. ఎవరూ ఆపలేదు. అమెరికా నుంచి వచ్చేటప్పుడు పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర కూడా వెయ్యరు. విమానం వాళ్ళు ఇచ్చే ప్రయాణికుల జాబితా చూసుకుని కంప్యూటర్ తనంతట తాను రాసుకుంటుంది: రావలసిన తేదీ ఇది, వెళ్ళిన తేదీ ఇది, తేడా ఇన్ని రోజులు. ఎవరూ అరవలేదు కాబట్టి అంతా బాగానే ఉందని మనం అనుకుంటాం. లాగ్ ఫైలు ఎప్పుడైనా అరిచిందా? తర్వాత ఎవరో తెరిచి చదివినప్పుడే కదా తెలిసేది.

అక్కడి చట్టం ప్రకారం ఐ-94 తేదీ దాటి ఒక్కరోజు ఉన్నా ఆ వీసా దానంతట అదే చెల్లకుండా పోతుంది. పాస్‌పోర్టులో కాగితం అలాగే ఉంటుంది, పదేళ్ళ తేదీ అలాగే మెరుస్తూ ఉంటుంది, దాని విలువ సున్నా. నూట ఎనభై రోజులు మించి ఉండి బయటికి వస్తే మూడేళ్ళు, ఏడాది మించితే పదేళ్ళు అడుగు పెట్టనివ్వరు. మావాళ్ళది అంతదాకా రాలేదు, అదొక్కటే అదృష్టం. కానీ మళ్ళీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ ఫారంలో ఎప్పుడైనా గడువు దాటి ఉన్నారా అని అడుగుతారు. "లేదు" అని రాయమని సలహా ఇచ్చే ఏజెంటు ఇక్కడ కూడా దొరుకుతాడు. రాస్తే అది అబద్ధం చెప్పి వీసా అడగడం కిందికి వస్తుంది, దానికి శిక్ష జన్మంతా వెంటాడుతుంది. బాబాయి ఉన్నది ఉన్నట్టు రాశాడు. 2025లో హైదరాబాదులో ఇంటర్వ్యూకి వెళ్ళారు. రెండు నిమిషాల్లో కాదన్నారు. ఆగస్టులో మనవరాలి మొదటి పుట్టినరోజు మా ఊళ్ళో సెల్‌ఫోన్ని చెంబుకి ఆనించి చూశారు.

ఇంతకీ నన్ను తొలిచేసే విషయం వేరే ఉంది. మా బాబాయి అమాయకుడు కాదు. కాగితాల విషయంలో మా చుట్టాలందరికీ ఆయనే పెద్దదిక్కు.

పాల్వంచ, భద్రాచలం వైపు ఏజెన్సీ ఊళ్ళలో 1/70 చట్టం గురించి తెలియని మనిషుండడు. 1970లో వచ్చిన ఒకటో నంబరు రెగ్యులేషన్, అందుకే ఆ పేరు. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి మారడం చెల్లదు. అమ్మేది ఎవరైనా సరే. అయినా ఎప్పుడూ ఎవరో ఒకడు తెల్లకాగితం మీద రాసి, నలుగురు సాక్షుల చేత సంతకాలు పెట్టించి అమ్ముతూనే ఉంటాడు. చాలా ఏళ్ళ కిందట ఖమ్మం నుంచి మా చుట్టం ఒకాయన అట్లాగే మూడెకరాలు కొనబోయాడు. ధర చూస్తే చవక. స్టాంపు కాగితం, సాక్షులు, పెద్దమనుషులు అన్నీ ఉన్నాయి. బాబాయి ఆయన్ని కూర్చోబెట్టి చెప్పింది నాకింకా గుర్తుంది. "ఇచ్చే హక్కు ఆడికి లేదు. లేనిది నువ్వు ఎన్ని సంతకాలు పెట్టించి కొంటే మాత్రం నీకు ఎట్లా వస్తది? రేపు ఆఫీసుకి పోతే రికార్డులో నీ పేరుండదు. కాగితం నీ పెట్టెలో ఉంటది, భూమి ఇంకోడి పేరు మీదుంటది."

ఇదే సూత్రం వీసాకి తు.చ. తప్పకుండా సరిపోతుంది. గడువు పొడిగించే హక్కు ఆ దేశపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసుకి తప్ప భూమ్మీద ఇంకెవరికీ లేదు. ఏజెంటు దగ్గర లేనిదాన్ని ఏజెంటు అమ్మలేడు. అతను అమ్మేది పొడిగింపు కాదు, పొడిగింపు అయిందన్న నమ్మకం. మనం కొంటున్నది మనశ్శాంతి, అదీ గడువు తేదీ దాటేదాకా.

మరి అడవి అంచున అంత తెలివిగా ఉన్న మనిషి అక్కడ ఎందుకు పడ్డాడు? నేనే అడిగాను. "ఇక్కడ ఆఫీసు యాడుందో నాకు తెల్సురా. ఎమ్మార్వో ఎవరో తెల్సు, పహాణీ ఎట్లుంటదో తెల్సు. అక్కడ నాకు తెల్సిన ఒక్కటే ఒక్కటి ఆయన మాట్లాడిన తెలుగు" అన్నాడు. నాకు జవాబు తోచలేదు.

ఇది మా ఇంటి కథ అని సరిపెట్టుకుందామంటే కుదరదు. అమెరికాలో మనవాళ్ళ పెద్ద దెబ్బలన్నీ ఈ పోలికతోనే ఉన్నాయి. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ యూనివర్సిటీ మీద దాడి జరిగింది గుర్తుందా? పిల్లల్లో ఎక్కువమంది అప్పటి మన ఆంధ్రప్రదేశ్ వాళ్ళే. కొందరి కాళ్ళకి రేడియో పట్టీలు కట్టారని ఇక్కడ గగ్గోలు అయింది. క్లాసులకి వెళ్ళకపోయినా స్టేటస్ నిలబడుతుందని నమ్మి ఫీజులు కట్టారు. సగం మందికి పైగా విద్యార్థులు సన్నీవేల్‌లో ఒకే అపార్టుమెంటు చిరునామాలో ఉన్నట్టు రికార్డుల్లో రాసి ఉందట. దాన్ని నడిపినావిడకి 2014లో పదహారేళ్ళకి పైగా జైలుశిక్ష పడింది. చదువు మధ్యలో కొట్టుకుపోయిన పిల్లలకి ఆ శిక్షతో ఒరిగిందేమీ లేదు.

ఎనిమిదేళ్ళ తర్వాత, 2019 జనవరిలో, మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ. ఇదైతే అక్కడి అధికారులే వలగా పెట్టిన ఉత్తుత్తి యూనివర్సిటీ. క్లాసులు లేవు, మాష్టార్లు లేరు. దేశంలో ఉండిపోవడానికి స్టేటస్ మాత్రం చూపిస్తుంది. అందులోకి తలకింత చొప్పున కమీషన్ తీసుకుని పిల్లల్ని చేర్పించిన ఎనిమిది మంది పట్టుబడ్డారు. నేరం ఒప్పుకుని జైలుకి వెళ్ళారు. చేరినవాళ్ళలో రెండు వందలమందికి పైగా అరెస్టయ్యారు. వల పన్నడం న్యాయమా అన్న వాదన వేరే ఉంది, నాకూ అది న్యాయమనిపించదు. కానీ వల దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది ఎవరు? 'అన్నా, నీ స్టేటస్ నేను చూసుకుంటా' అన్న మన తెలుగు అన్నలే.

గల్ఫ్ సంగతి ఇంకా పాతది. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు ఊళ్ళలో విజిట్ వీసా మీద పంపించి "అక్కడికెళ్ళాక మార్పిస్తాం" అనడం ఏజెంట్లకి ఎప్పటినుంచో అలవాటు. మార్పించకపోతే రోజులు గడుస్తుంటాయి, జరిమానా మీటరు తిరుగుతుంటుంది. యూఏఈలో గడువు దాటితే రోజుకి యాభై దిర్హాములు. నెలకి పదిహేను వందలు. కూలికి వెళ్ళినవాడు అంత ఎక్కడినుంచి తెస్తాడు? కట్టలేక బయటపడలేడు, బయటపడకపోతే ఇంకా పెరుగుతుంది. 2007లో, 2012-13లో, 2018లో, మళ్ళీ 2024 సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా అక్కడి ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటిస్తేనే చాలామంది ఇల్లు చేరారు. క్షమాభిక్ష కోసం బతకడం ఒక బతుకా అండీ?

గమనించండి, ఈ కథల్లో ఇరుక్కునేది ఎప్పుడూ పాస్‌పోర్టులో పేరున్న మనిషి. ఏజెంటు పేరు ఏ ఫారంలోనూ ఉండదు. ఇచ్చింది నగదు, మాట వాట్సాప్‌లో, రసీదు ఫొటో. "నాకు తెలియదు, ఆయన చేశాడు" అంటే ఏ దేశపు ఆఫీసరూ వినడు. దరఖాస్తు కింద సంతకం మనది, అందులో ఉన్న ప్రతి అబద్ధమూ మనదే అవుతుంది.

"అయితే ఎవరి సాయమూ తీసుకోవద్దా?" అంటారు కొందరు. అలా అనను. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళని ఆ సైట్ల మీదికి తోసేసి, చదువుకోవాల్సింది మీరే అనడం దుర్మార్గం. ఆ ఫారాలు రాసినవాళ్ళని ఒక్కసారి మా పిన్ని పక్కన కూర్చోబెట్టి నింపించాలి, అప్పుడు తెలుస్తుంది. లాయరు ఫీజు అందరూ ఇవ్వలేరు కూడా. ఏజెంటు బతికేది ఆ ఖాళీలోనే. గల్ఫ్‌లో అయితే చాలా విజిట్ వీసాలు లైసెన్సున్న ట్రావెల్ సంస్థల ద్వారానే వస్తాయి, పొడిగింపు కూడా వాళ్ళ ద్వారానే. కాబట్టి మధ్యలో మనిషి ఉండడం తప్పు కాదు. ఆ మనిషికి ఆ పని చేసే అర్హత ఉందా, ఉంటే ఏ రికార్డులో ఉంది, ఇదీ అడగాల్సింది. అమెరికాలో అయితే లాయరుకి బార్ లైసెన్సు ఉంటుంది, ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇక్కడినుంచి గల్ఫ్ ఉద్యోగానికి పంపేవాడికి 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ సైట్లో పేరుండాలి. "నాకు లోపల మనుషులున్నారు" అన్నవాడికి ఏదీ ఉండదు. ఆ ఒక్క మాట వినగానే లేచి వచ్చెయ్యొచ్చు.

ఫారం ఎవరైనా నింపనివ్వండి. మూడు పనులు మాత్రం ఇంకొకరికి వదలకండి. ఒకటి, డబ్బు మీ కార్డు మీద నుంచి నేరుగా ప్రభుత్వ సైటుకే కట్టండి. రెండు, లాగిన్ మీ పేరు మీద, మీ ఈమెయిలుతో ఉండాలి, పాస్‌వర్డు మీ దగ్గర ఉండాలి. మూడు, రసీదు నంబరు మీరే, మీ చేత్తో, ఆ సైట్లో కొట్టి చూడండి. గడువుకి ఒక నెల ముందు, మళ్ళీ ఒక వారం ముందు. మేము ప్రొడక్షన్‌లో ఏదైనా మార్పు చేస్తే "అయింది" అన్న మాట మీద ఎవరం ఇంటికి పోం, డేటాబేసు తెరిచి చూసుకున్నాకే పోతాం. సొంత అమ్మానాన్నల విషయంలో మాత్రం వాట్సాప్ ఫొటో మీద నిద్రపోయాం.

'మేము' అనే అంటున్నాను, చెల్లెల్ని ఒక్కదాన్నే అనడం లేదు. ఆమె సెప్టెంబరులోనే ఒకసారి "అన్నయ్యా, ఎక్స్‌టెన్షన్ ఎట్లా వెయ్యాలో తెలుసా?" అని మెసేజీ పెట్టింది. నేను అమెరికాలో ఉన్నప్పుడు మా అమ్మానాన్నలకి ఇదే ఫారం నా చేత్తోనే వేశాను. ఆ రోజు మాకు రిలీజు ఉంది. 'వీకెండ్ మాట్లాడదాం' అని కొట్టాను. ఆ వీకెండ్ నేను మర్చిపోయాను. ఆ తెలిసినాయన మర్చిపోలేదు. తెలిసినవాళ్ళం తీరిక లేదంటే, తీరిక ఉన్నవాడి దగ్గరికే వెళ్తారు కదా.

బాబాయి నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న ఊరెళ్తే, కొత్తగూడెంలో రైలు దిగాను. స్టేషన్ బయట ఒక పెద్దావిడ ఆటో అబ్బాయిని గుడి ఎంత దూరమని అడుగుతోంది. నలభై కిలోమీటర్లమ్మా, బస్సెక్కండి అని ఆ అబ్బాయి చెయ్యి పెట్టి బస్టాండు చూపించాడు. మనకి తెలిసిన దారి ఇంకొకరికి చూపించడానికి అంతకన్నా పెద్ద పనేమీ లేదు.

మీ అమ్మానాన్నలు ఇప్పుడు మీ దగ్గరే ఉంటే, ముందు లేచి వాళ్ళ పాస్‌పోర్టు తెచ్చి, ఐ-94 సైట్లో నంబరు కొట్టి తేదీ చూడండి. మీ ఫ్రెండు వాళ్ళ అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళకీ ఒక ఫోన్ చెయ్యండి. వీకెండ్ దాకా ఆగొద్దు.